ప్లీడరు గారి ‘మనం’

ఆ దేశం వాళ్ళ భాషలో ‘మనం’ అన్నా ‘మేము’ అన్నా ఒకటే మాట. ఎదుటివాణ్ణి లోపలికి రమ్మన్నామో, గుమ్మం బయటే నిలబెట్టామో ఆ మాట చెప్పదు. వాళ్ళకి ఎలాగో గడిచిపోతోంది. గడవనిది మన ఆర్టిస్టుకే.

ఆర్టిస్టంటే బొమ్మలు వేసేవాడనుకునేరు. బోర్డులు రాసేవాడు. సొంత ఊళ్ళో కిరాణా కొట్టు మొదలు కళ్ళజోళ్ళ షాపు దాకా సగం బజారు అతని చేతిరాతే. గుండ్రటి అక్షరానికి పక్కన నీడ దిద్దాడంటే అది చెక్కలోంచి లేచి నిలబడేది. పేరుపెట్టి పిలిచినవాడు లేడు, అందరికీ ఆర్టిస్టే. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. వారం పట్టే పని గంటలో మెషీన్లోంచి చాపచుట్టలా బయటికొస్తుంటే బ్రష్షు పట్టినవాడి మొహం ఎవడు చూస్తాడు? ఆ ఖాళీ రోజుల్లోనే బావమరిది ఫోన్ చేశాడు, “ఇక్కడికి వచ్చెయ్యండి బావా, ఇక్కడ చేతిపనికి విలువుంది” అని. పెళ్ళాన్ని, పిల్లని వెంటేసుకుని, బ్రష్షుల పెట్టె చంకలో పెట్టుకుని గంపెడాశతో బయల్దేరాడు మహానుభావుడు. విమానం దిగాక తెలిసింది, విలువున్న చేతిపనంటే దుప్పట్లు ఇస్త్రీ చెయ్యడమని.

అతన్ని ఓ పెద్ద లాండ్రీలో చేర్పించి, తనకి వేరే ఊళ్ళో మంచి పని దొరికిందని బావమరిది చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రుల దుప్పట్లు వ్యాన్ల కొద్దీ వచ్చి పడేవి అక్కడికి. వేడి రోలరు ముందు ఇద్దరు నిలబడి, తడి దుప్పటి చెరో కొస పట్టుకుని, ముడత పడకుండా లోపలికి అందించాలి. చెయ్యి కాస్త ఆలస్యంగా వదిలితే వేళ్ళు కాలతాయి. సన్నటి గీత వణక్కుండా గీసిన వేళ్ళు కొన్నాళ్ళకి చిట్లి, మొద్దుబారి, బ్రష్షు పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలియని స్థితికి వచ్చాయి. అవతలి కొస పట్టుకునే మనుషులు మారుతూ వచ్చారు గానీ, ఇవతలి కొస మాత్రం ఏళ్ళ తరబడి ఆర్టిస్టుదే.

అక్కడి భాష ముందు పట్టుబడింది పిల్లకే. బడిలో వేసిన కొన్నాళ్ళకే గడగడా మాట్లాడేది. ఏ ఆఫీసుకి వెళ్ళినా తల్లీ తండ్రీ చెరో పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడితే, ఆ పిల్ల కౌంటరు అందక మునివేళ్ళ మీద లేచి, వీళ్ళ తరఫున ఆరిందాలా వాదించేది. అందుకని తండ్రి ఆమెకి ‘ప్లీడరు’ అని పేరు పెట్టాడు. “ప్లీడరు గారూ, ఆయనేమంటున్నాడండీ?” అని వంగి అడిగితే ఆ పిల్ల నిజంగానే గొంతు సవరించుకుని చెప్పేది. తనకంటే ముందు తన కూతురు గౌరవం సంపాదించుకుందని అతనికి గర్వం. లోపల కాస్త సిగ్గు కూడా. ఏడేళ్ళ పిల్ల నోటితో మాట్లాడాల్సి రావడం ఏ మగాడికి బావుంటుంది?

ఒకసారి ఇలాగే ఓ ఆఫీసులో కాగితాలన్నీ ఇచ్చాక, “ఏమంటున్నారు తల్లీ?” అని అడిగాడు.

“మనం కబురు చేస్తామట నాన్నా.”

మనమే కబురు చెయ్యాలి కాబోలు అనుకుని అతను ప్రతి వారం పని మానుకుని ఆ ఆఫీసుకి వెళ్ళి, వచ్చీరాని మాటలతో ‘నేను ఉన్నాను’ అని చెప్పి వచ్చాడు. చివరికి ఆ గుమాస్తా విసుగెత్తి అరిచాడు. మేమే చెప్తామని మొత్తుకున్నాం కదా, మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తావు అని అతని గొడవ. కొత్త భాషలో ఉన్న ఒక్క మాటకి ప్లీడరు తెలుగులోనూ ఒక్క మాటే అట్టిపెట్టుకుంది. ఆ మాట ‘మనం’. ‘మేము’ ఆ పిల్ల నోట్లోంచి ఎప్పుడో జారిపోయింది, ఎక్కడ జారిందో ఎవరూ చూడలేదు.

బడి నుంచి వచ్చి, “నాన్నా, ఇవాళ మనం బొమ్మలు గీశాం” అనేది.

“అలాగా! నేను బాగా గీశానా?” అనేవాడు ఆర్టిస్టు.

“అబ్బా, నువ్వు కాదు! మనం!”

అతను పడీ పడీ నవ్వేవాడు. భార్యకి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆవిడ ఉన్న మాట మొహం మీదే అనేసే మనిషి.

“నవ్వింది చాలు గానీ, అలా అనకూడదు, ‘మేము’ అనాలి అని నేర్పండి దానికి. ఇంకెవరు నేర్పుతారు ఇక్కడ?”

“పోనిద్దూ. అందర్నీ కలుపుకుంటోంది పిచ్చితల్లి. విడదీసే మాట నా చేత్తో నేర్పమంటావా?”

అతనికి నిజంగానే ఆ తప్పు ముద్దొచ్చేది. రోజంతా లాండ్రీ ఆవిరిలో ఉడికి ఇంటికొచ్చిన మనిషి. బడిలో నువ్వూ బొమ్మలు గీశావని, ఆటలో గెలిచావని, పార్కులో ఊయల ఊగావని ఎవరైనా అంటే కాదనబుద్ధవుతుందా?

ప్లీడరు కాలేజీలో ఉండగా ఆవిడకి జబ్బు చేసింది. ఆస్పత్రి గదిలో డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. ప్లీడరు తల్లి మంచం పక్కన నిలబడి, ఏడుపు ఆపుకుంటూ ఒక్క ముక్కలో చెప్పింది. “మనం చెయ్యగలిగింది ఇంకేం లేదట.”

మంచం మీదున్నావిడ కళ్ళు తెరిచింది. “వాళ్ళు చెయ్యలేరని చెప్పు. మనల్ని కలపకు.”

ఆవిడ పోయాక ఇంట్లో ఆ మాట తప్పని చెప్పేవాళ్ళే లేకుండా పోయారు.

తర్వాత ప్లీడరుకి ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. అల్లుడు ఆ దేశం వాడే. మర్యాదస్తుడు. మామగారు కనిపిస్తే “బాగున్నారా?” అని ఒక్క తెలుగు మాట చాలా కష్టపడి పలికి, జవాబు అర్థం కాకపోయినా నవ్వుతాడు. వాళ్ళిద్దరూ ఓ ఫ్లాటులో, ఆర్టిస్టు లాండ్రీ దగ్గర ఒక్క గదిలో. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. మంచం, పొయ్యి, భార్య ఫొటో, మంచం కింద బ్రష్షుల పెట్టె. నాన్న వచ్చి తన దగ్గర ఉండాలని ప్లీడరు ఎప్పుడూ అనలేదు, అనకపోవడం తనకి పట్టనట్టే ఆర్టిస్టూ ఉండేవాడు. కానీ సెలవు రోజు పొద్దున లేచి, ఎదుటి గోడ చూస్తూ టీ తాగేటప్పుడు అతనికి ఒకటే కోరిక. ముసలితనం ఈ గోడ ముందు వెళ్ళకూడదు. కూతురి ఇంట్లో ఓ మూల చాలు.

ఒక ఆదివారం ప్లీడరు పండ్ల సంచితో ఊడిపడింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే అరిచింది.

“నాన్నా, మనం ఇల్లు కొన్నాం!”

ఆర్టిస్టు టీ గ్లాసు కింద పెట్టాడు. “మనమా?”

“మనమే! ఎంత బావుందో తెలుసా? పైన మూడు గదులు, వెనకాల కాస్త ఖాళీ స్థలం, బోలెడు ఎండ. నెలాఖరుకి మారిపోతున్నాం.”

“అల్లుడికి ఇష్టమేనా?”

“భలేవాడివి నాన్నా, వెతికిందే ఆయన!”

“ఇక్కణ్ణించి చాలా దూరం కదమ్మా. మరి నా పనో?”

“ఇంకా ఎన్నాళ్ళు చేస్తావు ఆ పని? నీ వేళ్ళు చూసుకున్నావా ఎలా ఉన్నాయో? మానెయ్. హాయిగా ఉండు.”

ఇందులో ఒక్క అబద్ధం లేదు. ప్రతి మాటా ఆమె మనసులోంచి వచ్చిందే. ‘నేనూ వస్తున్నానా?’ అని అతనొక్క ముక్క అడిగి ఉంటే అక్కడితో తేలిపోయేది. కానీ కన్న కూతుర్ని ఆ ప్రశ్న ఎలా అడుగుతాడు? అడిగితే ఆ పిల్ల నొచ్చుకోదూ? అయినా ఆఫీసులో గుమాస్తా తిట్లు తిన్నవాడు, ఆస్పత్రిలో భార్య మాట విన్నవాడు, ఈ ‘మనం’ సంగతి ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాడు, ఆ పూట అన్నీ మర్చిపోయాడు. కావాలనే మర్చిపోయాడంటాను నేను.

మర్నాడు లాండ్రీలో ఉప్పొంగిపోతూ డ్రైవరుకి చెప్పాడు. డ్రైవరంటే లాండ్రీ వ్యాను తోలే మనిషి. ఆ పెద్ద షెడ్డులో తెలుగు మాట్లాడేది వీళ్ళిద్దరే కాబట్టి, ఏ చుట్టరికమూ లేకపోయినా బావా అంటే బావా అనుకుని బతికేస్తున్నారు.

డ్రైవరు అంతా విని నెత్తి గోక్కున్నాడు. “బావా, సరిగ్గా కనుక్కున్నావా? మీ అమ్మాయి మనం ఎలాంటిదో నువ్వే కదా చెప్పి చెప్పి నవ్వించావు.”

“అది చిన్నప్పటి మాట.”

“చిన్నప్పుడు వదలనిది ఇప్పుడెప్పుడు వదిలింది? ఒక్కసారి ఫోన్ చేసి అడుగు, పోయేదేముంది.”

“పిల్లల్లేనివాడివి, నీకేం తెలుస్తుంది!”

డ్రైవరు మొహం నల్లబడింది. వెళ్ళి వ్యాను తలుపు వేసుకున్నాడు. ఆర్టిస్టుకి తన మాట తనకే గుచ్చుకుంది గానీ, సంతోషంలో ఉన్నవాడికి ఆ నొప్పి ఎంతసేపు?

గది అద్దెకిచ్చిన ఇంటావిడతో ఖాళీ చేస్తానని చెప్పేశాడు. ఆవిడ ఆ సాయంత్రమే ఇంకొకరికి మాట ఇచ్చేసింది. లాండ్రీలో సూపర్‌వైజరమ్మ దగ్గరికి వెళ్ళి, తనకొచ్చిన భాషలో ‘నా కూతురు ఇల్లు. నేను ఇల్లు’ అని రెండు వేళ్ళు కలిపి చూపించాడు. ఆవిడకి అర్థమై భుజం తట్టింది. చివరి రోజున షెడ్డులో వాళ్ళంతా రోలర్లు ఆపి చప్పట్లు కొట్టారు, కొత్త తువ్వాలు కప్పారు. అవతలి కొస పట్టుకునే మనిషి కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజుల్లోనే మంచం కిందనుంచి బ్రష్షుల పెట్టె తీశాడు. మంచి చెక్క ఒకటి సంపాదించి, నున్నగా గీకి, తెల్లరంగు పూసి ఆరబెట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత బ్రష్షు పడితే చెయ్యి వణికింది. పాత కాగితాల మీద మ రాశాడు, న రాశాడు, మళ్ళీ మ రాశాడు. చెయ్యి దారికొచ్చాక చెక్క మీద నీలిరంగుతో, పక్కన బూడిదరంగు నీడతో రాశాడు, ‘మన ఇల్లు’ అని. భార్య ఫొటో ముందు ఆనించి, “చూశావా? ఆ మాట నేర్పకపోవడమే మంచిదయింది” అన్నాడు. ఇప్పుడు తల్చుకుంటే ఆ మాటకే అతనికి ఎక్కువ సిగ్గేస్తుంది.

నెలాఖరున డ్రైవరు వ్యాను తెచ్చాడు. మొహం ముడుచుకునే ఉన్నాడు గానీ, సామాను చేరవేస్తానన్న మాట తప్పలేదు. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, పొయ్యి వెనకాల వేశారు. బోర్డు మాత్రం పాత దుప్పటి ముక్కలో చుట్టి ఆర్టిస్టు ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఊరి చివర ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి. “సామాను తర్వాత దింపుదాం, ముందు నేను వెళ్ళి చెప్తా” అని బోర్డు చంకలో పెట్టుకుని గుమ్మం ఎక్కాడు.

ప్లీడరు ఎగిరి గంతేసింది. “నాన్నా! చూడ్డానికి వచ్చావా? ఇంత దూరం? చెప్తే వచ్చి తీసుకొచ్చేదాన్నిగా!”

చూడ్డానికి. ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. చెయ్యి పట్టుకుని ప్లీడరు ఇల్లంతా తిప్పింది. “ఇది మన హాలు. ఇది మన వంటిల్లు.” అతను అన్నిటికీ తలూపుతూ, పొయ్యి పక్కన తను నిలబడేచోటు కూడా చూసుకున్నాడు. పైకి తీసుకెళ్ళింది. “ఇది మన పడగ్గది. ఇది మన ఆఫీసు గది, ఆయనా నేనూ ఇంటి నుంచి పని చేసే రోజుల్లో వాడుకోవడానికి. ఆదివారాలు మనం మధ్యాహ్నం దాకా లేవం నాన్నా, కింద చప్పుడే రాదు ఇక్కడికి.”

ఆర్టిస్టు పుట్టి బుద్ధెరిగాక మధ్యాహ్నం దాకా పడుకున్న రోజు లేదు. అయినా తలూపాడు. మూడో గది మిగిలి ఉంది కదా.

మూడో గదిలో అల్లుడు కుర్చీ ఎక్కి మేకు కొడుతున్నాడు. “బాగున్నారా?” అని నవ్వాడు.

“ఇది స్నేహితులొస్తే ఉండటానికి,” అంది ప్లీడరు. “ఆ గోడకి మన పెళ్ళి ఫొటో పెడుతున్నాం.”

మన పెళ్ళి ఫొటో.

ఆర్టిస్టు ఆ గోడ వైపు చూశాడు. ఆ మాటని ఎటు తిప్పి చూసినా అందులో అతనికి చోటు లేదు. అందులో లేడంటే పడగ్గదిలో లేడు, వంటింట్లో లేడు, ఆదివారాల్లో లేడు. ఆ రోజు గుమ్మంలోంచి అరిచిన మొదటి మాటలోనే లేడు. ఇరవై ఏళ్ళ నుంచీ తను ఎక్కడెక్కడ ఉన్నాననుకున్నాడో అన్నిచోట్ల నుంచీ ఒక్కసారిగా లేచి బయటికి రావాల్సొచ్చింది.

“చంకలో ఏంటి నాన్నా అది? నాకేనా?” ప్లీడరు చెయ్యి చాపింది.

అతను బోర్డు ఇంకా గట్టిగా అదుముకున్నాడు. “బోర్డమ్మా, నీ ఇంటికని. రంగు ఇంకా ఆరలేదు. ఆరాక తెస్తాలే.”

“మరి ఎందుకు మోసుకొచ్చావు?”

“గోడకి కొలత సరిపోతుందో లేదో చూద్దామని.” ఇంత చక్కగా అబద్ధం ఆడగలడని అతనికే తెలియదు.

టీ తాగి వెళ్ళమంది. వ్యానుకి ఆలస్యమవుతుందన్నాడు. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపితే వ్యానులో సామాను ఆమెకి కనబడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

డ్రైవరు అతని మొహం చూసి వ్యాను స్టార్టు చేశాడు. నాలుగు వీధులు దాటాక ఇక ఆగలేకపోయాడు. “వెనక్కి తిప్పుతా బావా. వెళ్ళి చెప్పు. గది వదిలేశాననీ పని వదిలేశాననీ చెప్తే ఆ పిల్ల కాదంటుందా?”

“కాదనదు. అందుకే చెప్పను.”

“ఇదేం పంతం! తప్పు మాట్లాడింది అది.”

“అవును. ఇప్పుడెళ్ళి వ్యాకరణం సరిదిద్దుతా. దిద్దితే నాలుగో గది మొలుస్తుందా?”

డ్రైవరు తిట్టాడు. అతన్ని, ప్లీడరుని, ఆ దేశాన్ని, ఆ భాషని, దాన్ని కనిపెట్టినవాణ్ణి. ఆర్టిస్టు ఒళ్ళో బోర్డు పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. చివరికి డ్రైవరు తన గది ముందు వ్యాను ఆపి, ట్రంకు పెట్టె తనే భుజానికెత్తుకుని లోపల పెట్టాడు. “మంచం నీది. నాకు కింద పడుకుంటేనే నిద్ర” అన్నాడు. పిల్లల్లేనివాడికేం తెలుసన్న మాట గుర్తొచ్చి ఆర్టిస్టుకి తల కొట్టేసినట్టయింది.

లాండ్రీలో రోలరు దగ్గర అప్పటికే కొత్త మనిషి నిలబడ్డాడు. సూపర్‌వైజరమ్మ నొచ్చుకుంటూ, మురికి బట్టలు ఏరే చోట ఖాళీ ఉందంది. ఆస్పత్రి దుప్పట్ల మూటలు విప్పి, మరకల్ని బట్టి వేరుచేసే పని. ఎవరూ ఎక్కువ రోజులు నిలవరక్కడ. ఇతను ముక్కుకి గుడ్డ కట్టుకుని చేరిపోయాడు. చప్పట్లు కొట్టినవాళ్ళు అతన్ని చూసీ చూడనట్టు మొహాలు తిప్పుకున్నారు. అదొక్కటే వాళ్ళు చేసిన ఉపకారం.

కొన్నాళ్ళకి ప్లీడరు ఫోన్ చేసింది. గది మారిన సంగతి ఇంటావిడ ద్వారా తెలిసిందట.

“డ్రైవరు బావకి తోడుగా ఉంటున్నానమ్మా.”

“ఎంత మంచి పని చేశావు నాన్నా! నువ్వు ఒక్కడివే ఉన్నావని మనం ఎంత దిగులుపడేవాళ్ళమో!”

“అవునమ్మా,” అన్నాడు ఆర్టిస్టు. “చాలా దిగులుపడేవాళ్ళం.”

ఆ శనివారం స్నేహితుల్ని కొత్త ఇంటికి పిలుస్తున్నామని, బోర్డు తప్పకుండా తెమ్మని చెప్పింది. అతను బోర్డు ముందేసుకుని కూర్చున్నాడు. ‘న’ మీద తెల్లరంగు పూశాడు. నీలిరంగు కింద నుంచి తొంగిచూస్తూనే ఉంటే ఇంకో పొర వేశాడు. ఆరాక ‘మ’కి దీర్ఘం ఇచ్చాడు. దీర్ఘాన్ని కాస్త సాగదీస్తే న ఉన్న చోటు నిండిపోయింది. ఈసారి చెయ్యి వణకలేదు. పక్కన కూర్చుని చూస్తున్న డ్రైవరు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

శనివారం హాలు నిండా జనం. ప్లీడరు బోర్డుని అందరికీ పైకెత్తి చూపించింది. అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో అని వాళ్ళంతా మెచ్చుకున్నారు. చదవమని ఎవరో అడిగినట్టున్నారు, ప్లీడరు నవ్వేసి తండ్రి వైపు తిరిగింది. తెలుగు ఆమెకి మాట్లాడ్డమే వచ్చు.

“ఏం రాశావు నాన్నా?”

“మా ఇల్లు అని.”

ఆమె స్నేహితులకి ఆ భాషలో చెప్పింది. వాళ్ళు తలలూపి చప్పట్లు కొట్టారు. అల్లుడు కుర్చీ ఎక్కి, గుమ్మానికి ఎదురుగా, అందరికీ కనబడేలా మేకు కొట్టాడు.

వెళ్ళేటప్పుడు ప్లీడరు గుమ్మం దాకా వచ్చింది. బోర్డు వంక చూసి ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“నాన్నా, చిన్నప్పుడు అమ్మ ఏదో అనేది కదా... మన ఇల్లు, మా ఇల్లు అని. రెండూ ఒకటేనా?”

ఆర్టిస్టు చెప్పుల్లో కాళ్ళు పెడుతూ తలెత్తలేదు.

“మీ భాషలో ఒకటేనమ్మా,” అన్నాడు.